కాగితం లేని పిచ్చి

అక్టోబర్ 10 ప్రపంచ మానసిక ఆరోగ్య దినం. ఆ రోజు మన ఫోన్ల నిండా ఆకుపచ్చ రిబ్బన్లు, "మీ బాధ చెప్పుకోండి, మేం వింటాం" అనే పోస్టులు. మంచిదే. పదేళ్ళ కిందట డిప్రెషన్ అన్న మాట పైకి అనడానికి భయపడ్డవాళ్ళు ఇవాళ తమ మందుల పేర్లతో సహా రాసుకుంటున్నారు.

అదే అక్టోబర్ 10 మరణశిక్షకు వ్యతిరేక ప్రపంచ దినం కూడా. 2003 నుంచి జరుపుతున్నారు. 2014లో ఆ దినానికి ఎంచుకున్న అంశమే మానసిక ఆరోగ్యం. ఈ రెండో సంగతి మనలో చాలామందికి తెలియదు. తెలిసినా పోస్టు పెట్టం. ఎందుకంటే మొదటి దినంలో రోగి మనలాంటివాడు. రెండో దినంలో రోగి హంతకుడు.

నా తగువు ఇక్కడే. ఒక ఘోరం జరగ్గానే "ఉరి తీయండి", "విచారణ ఎందుకు దండగ", "ఎన్‌కౌంటర్ చేసేయండి" అని రాసేవాళ్ళు వేరే గ్రహం నుంచి రారు. 2019 డిసెంబర్‌లో చటాన్‌పల్లి దగ్గర నలుగురిని పోలీసులు కాల్చి చంపినప్పుడు పూలు చల్లినవాళ్ళలో, ఆ వీడియోలు పంచుకున్నవాళ్ళలో నా స్నేహితులున్నారు. కవిత్వం చదివేవాళ్ళు, థెరపీకి వెళ్ళేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు నా మాట వినిపించాలనే ఇది రాస్తున్నాను.

"మతి లేనివాణ్ణి మన చట్టం ఎలాగూ ఉరి తీయదు కదా" అని వాళ్ళు నాతో అంటారు. పుస్తకంలో ఆ మాట ఉంది. కానీ మన కోర్టులు గుర్తుపట్టేది కాగితం ఉన్న పిచ్చిని. ప్రిస్క్రిప్షన్, డిశ్చార్జి సమ్మరీ, డాక్టరు సంతకం ఉంటే అది రోగం. లేకపోతే అది నాటకం, లేదా పొగరు, లేదా మూఢనమ్మకం. మా మణుగూరు లాంటి చోట ఆ కాగితం ఎవరి దగ్గర ఉంటుంది? ఎవరి దగ్గర ఉండదు? ఈ ప్రశ్న అడగకుండా మరణశిక్ష గురించి మాట్లాడితే ఆ చర్చ సగంలో ఆగిపోయినట్టే.

*

ముందు చట్టం సంగతి. నేరం చేసిన మనిషి మనసు గురించి చట్టం నాలుగు చోట్ల ఆగి అడగాలి.

మొదటిది, నేరం చేసిన క్షణంలో అతని స్థితి. ఇండియన్ పీనల్ కోడ్ 84వ సెక్షన్, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షన్. మతిస్థిమితం లేక, తాను చేస్తున్న పని ఏమిటో, లేదా అది తప్పో చట్టవిరుద్ధమో తెలుసుకోలేని స్థితిలో చేసిన పని నేరం కాదు అంటుంది. ఈ కొలత 1843లో ఇంగ్లండులో మెక్‌నాటెన్ కేసు నుంచి పుట్టింది. 1860లో మన కోడ్‌లోకి వచ్చింది. 2023లో కొత్త చట్టం తెచ్చేటప్పుడు మొదటి ముసాయిదాలో "మానసిక అనారోగ్యం" అని రాసి, తర్వాత మళ్ళీ పాత మాటకే వెళ్ళారు. ఈలోపు మనోవైద్యం ఎంత మారినా ఆ కొలత మాత్రం మారలేదు.

ఆ కొలతలో అంతా "తెలుసా, తెలియదా" అన్న దగ్గరే తేలుతుంది. కానీ జబ్బు తెలివిలోనే ఉండాలని రూలు లేదు. చేతిలో ఉన్నది కత్తి అని తెలుసు. ఎదురుగా ఉన్నది అన్న అని తెలుసు. కానీ మూడు నెలలుగా చెవిలో ఒక గొంతు, "వాడు నీ పిల్లలకు మందు పెడుతుండు" అంటోంది. ఆ గొంతు తనకు మాత్రమే వినిపిస్తోందని అతనికి తెలియదు. ఇతన్ని ఎటువైపు వేస్తారు? చాలాసార్లు "తెలుసు" వైపే వేస్తారు. పైగా చంపాక పారిపోయాడా, కత్తి దాచాడా అని చూస్తారు. భయపడి పారిపోతే మతి ఉన్నట్టే లెక్క.

దీన్ని ఎవరు రుజువు చేయాలి? నిందితుడే. 1964లో దహ్యాభాయ్ ఠక్కర్ కేసులో సుప్రీంకోర్టు తరఫున తీర్పు రాసింది మన రాజమండ్రి మనిషి కోకా సుబ్బారావు. నిందితుడు సివిల్ కేసులో రుజువు చేసినంత మేరకు చేస్తే చాలన్నారు. పూర్తిగా రుజువు చేయలేకపోయినా, అతని ఉద్దేశం మీద కోర్టుకు న్యాయమైన అనుమానం కలిగితే ఆ లాభం అతనికే దక్కాలన్నారు. ఆయన తెరిచిపెట్టిన తలుపు అది. కానీ ఆ తలుపు దాకా వెళ్ళాలంటే నేరానికి ముందు, నేరం వేళ, ఆ తర్వాత మనిషి ఎట్లా ఉన్నాడో చెప్పే సాక్ష్యం కావాలి. అంటే మళ్ళీ కాగితమే.

రెండోది, విచారణ వేళ అతనికి కోర్టులో జరుగుతున్నది అర్థమవుతోందా, లాయరుకు తన మాట చెప్పుకోగలడా అన్నది. అర్థం కాకపోతే విచారణ ఆపాలి. ఇది రక్షణ అనిపిస్తుంది. అస్సాంలో మాచాంగ్ లలుంగ్ అనే ఆదివాసీ సంగతి చూడండి. 1951లో అరెస్టు చేశారు. విచారణకు పనికిరాడని తేజ్‌పూర్ మానసిక ఆస్పత్రికి పంపారు. 1967లో ఆస్పత్రి ఇతను బాగానే ఉన్నాడని రాసింది. కానీ వదల్లేదు, జైల్లోనే ఉంచారు. చివరికి 2005లో ఒక్క రూపాయి సొంత పూచీకత్తు మీద విడుదలయ్యాడు. యాభై నాలుగేళ్ళు. విచారణే జరగలేదు. పేరున్నవాళ్ళకు రక్షణ అయిన సెక్షనే ఎవరూ లేనివాడికి యావజ్జీవం అయింది.

మూడోది, శిక్ష వేసేటప్పుడు. 2022 మే 20న మనోజ్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. ఉరిశిక్ష కోరే కేసుల్లో నిందితుడి మానసిక స్థితి మీద నివేదిక, కుటుంబ నేపథ్యం, జైల్లో నడవడి, ఇవన్నీ కింది కోర్టు దశలోనే తెప్పించుకోవాలన్నది. ఈ పనిని సుప్రీంకోర్టు దాకా వాయిదా వేయొద్దన్నది. 2025 ఆగస్టులో దుపారే కేసులో మరో మాట చేర్చింది. ఆ పద్ధతి పాటించకుండా అంతకుముందే ఖరారైపోయిన ఉరిశిక్షలను కూడా మళ్ళీ తెరవొచ్చు అన్నది.

నాలుగోది, ఉరి తీసే ముందు. 2014 జనవరి 21న శత్రుఘ్న చౌహాన్ తీర్పులో 15 మంది ఉరిశిక్షల్ని యావజ్జీవంగా మార్చారు. వాళ్ళలో స్కిజోఫ్రీనియా ఉన్న మనిషీ ఉన్నాడు. ఉరికంబం మీద ఉన్న ఖైదీల మానసిక స్థితిని ఎప్పటికప్పుడు పరీక్షించాలని అప్పుడే చెప్పారు. 2019 ఏప్రిల్ 12న ఇంకో తీర్పు వచ్చింది. దాని పేరే "అక్యూజ్డ్ ఎక్స్". రోగి గోప్యత కాపాడాలని పేరు తీసేశారు. ఆ తీర్పు రాసింది కూడా తెలుగు న్యాయమూర్తే, ఎన్.వి. రమణ. శిక్ష పడ్డాక తీవ్రమైన మానసిక జబ్బు వచ్చినా ఉరి తప్పించడానికి అది కారణం కావచ్చు అన్నారు. ఆ మనిషి ఇద్దరు పసిపిల్లల మీద అఘాయిత్యం చేసి చంపినవాడు. కోర్టు ఆ ఘోరాన్ని తగ్గించి చెప్పలేదు. బతికినంత కాలం జైల్లో ఉంచి వైద్యం చేయించమంది.

గౌరవంతో చదవాల్సిన తీర్పు అది. అయినా అందులో రెండు మాటలు నన్ను వదలవు. జబ్బు "తీవ్రమైనది" అయివుండాలి. దాన్ని ఖైదీయే స్పష్టమైన సాక్ష్యంతో రుజువు చేయాలి. మనసు చెదిరినవాడు తన మనసు చెదిరిందని స్పష్టంగా రుజువు చేయడం! సాక్ష్యం దొరికే మనిషికి ఈ తీర్పు ప్రాణం పోస్తుంది. దొరకని మనిషికి ఇది హైదరాబాదులో ఉన్న కార్పొరేట్ ఆస్పత్రి లాంటిది. ఉందని తెలుసు, అంతే.

*

ఇప్పుడు మా వైపు రండి. మణుగూరుకు ఒక పక్క సింగరేణి ఓపెన్‌కాస్టులు, అశ్వాపురం భారజల కర్మాగారం, భద్రాద్రి థర్మల్ పవర్ స్టేషన్. ఇంకో పక్క గోదావరి, అడవి, దాని వెనక ఛత్తీస్‌గఢ్. బొగ్గు ఎన్ని టన్నులు తీశారో రోజువారీ లెక్క ఉంటుంది. మనుషుల మనసుల లెక్క ఎక్కడా ఉండదు.

ఇక్కడ జబ్బుకు కూడా అంతస్తులున్నాయి. సింగరేణి పర్మనెంటు ఉద్యోగికి కంపెనీ ఆస్పత్రి ఉంది, వైద్య పుస్తకం ఉంది, పెద్ద డాక్టరుకు రాసి పంపే ఏర్పాటు ఉంది. అతని కొడుకుకు నిద్ర పట్టకపోతే ఆ సంగతి ఎక్కడో ఒకచోట రాతలో ఉంటుంది. కాంట్రాక్టు కార్మికుడి సంగతి అట్లా కాదు. డ్యూటీకి రాకపోతే కూలి పోతుంది, డాక్టరు దగ్గరకు పోతే రెండు రోజుల కూలి పోతుంది. ఇక గూడెంలో ఉండే కోయవాళ్ళు. వాళ్ళకన్నా అడుగున, సల్వాజుడుం కాలంలో ఛత్తీస్‌గఢ్ నుంచి ప్రాణం అరచేత పెట్టుకుని వచ్చిన గొత్తికోయలు. వాళ్ళలో చాలామంది తాము ఇక్కడి మనుషులమని చూపించడానికే కాగితం కోసం ఏళ్ళ తరబడి తిరుగుతున్నారు. ఊళ్ళో ఉన్నట్టే కాగితం లేని మనిషి పిచ్చిలో ఉన్నట్టు కాగితం ఎక్కణ్ణుంచి తెస్తాడు?

మా వైపు మనసు చెదిరిన మనిషిని ముందు ఎవరి దగ్గరకు తీసుకుపోతారో నాకు తెలుసు. తాయెత్తు కట్టేవాడి దగ్గరకు. తర్వాత ఆర్ఎంపీ దగ్గరకు. ఆయన ఏదో నిద్రమాత్ర ఇస్తాడు, కాగితం ఇవ్వడు. ఆ తర్వాత మొక్కు. అప్పటికీ తగ్గకపోతే ఇంట్లో గుంజకు కట్టేస్తారు, ప్రేమతోనే కట్టేస్తారు. ఎర్రగడ్డ ఆస్పత్రికి పోవాలంటే దాదాపు మూడొందల కిలోమీటర్లు. ఒక రాత్రి రైలు, ఇద్దరు తోడు మనుషులు, వారం రోజుల తిండి ఖర్చు. అప్పు చేసి ఒకసారి పోతారు. రెండోసారి పోరు. "తగ్గింది సారూ, మల్లా ఎందుకు" అంటారు. మొదటిసారి ఇచ్చిన చీటీ ఇంటి చూరులో చెదలు తినిపోతుంది.

ఇది మా ఒక్క ఊరి సంగతి కాదు. నిమ్‌హాన్స్ చేసిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మానసిక జబ్బులున్నవాళ్ళలో వైద్యం అందనివాళ్ళు, జబ్బును బట్టి, 70 నుంచి 92 శాతం. దేశంలో లక్ష మందికి 0.75 మంది మనోవైద్యులున్నారు. అంటే లక్ష మందికి ముప్పావు మనిషి. ఆ ముప్పావు కూడా పట్నంలోనే ఉంటుంది, ఏజెన్సీలో ఉండదు. 14416 అనే టెలిమానస్ నంబరు 2022 అక్టోబర్ 10న మొదలైంది. పనికొచ్చేదే. కానీ గూడెంలో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి, ఎక్కాక కోయ భాషలో మాట్లాడే మనిషి దొరకాలి.

అట్లాంటి ఇంట్లోంచి ఒకడు ఒకరోజు గొడ్డలి తీసుకున్నాడనుకుందాం. కోర్టులో వాళ్ళమ్మ నిలబడుతుంది. "మా వోనికి గాలి సోకింది సారూ, రెండేండ్ల సంది రాత్రిళ్ళు అడివిలకు పోతుండు, తనలో తాను మాట్లాడుకుంటుండు" అంటుంది. ఇది ఏ మనోవైద్యుడైనా చెవులు రిక్కించి వినాల్సిన మాట. రెండేళ్ళ చరిత్ర, లక్షణాలు, తీరు అన్నీ అందులో ఉన్నాయి. కానీ రికార్డులోకి ఎట్లా వెళ్తుంది? "నిందితుడికి వైద్యం చేయించినట్టు ఎలాంటి ఆధారం చూపలేదు" అని. ఆమె చెప్పింది రోగ చరిత్ర. కోర్టు విన్నది తల్లి ప్రేమ.

చేతబడి విషయంలో ఇంకా దారుణం. మన్యంలో చేతబడి చేశాడన్న అనుమానంతో ముసలివాళ్ళను చంపుతున్నారు. వాటిలో ఎక్కువ భాగం తగాదాలు, భూమి, పగ. ఒప్పుకుంటాను. కానీ కొన్నిట్లో చంపినవాడి మనసు నెలల తరబడి కుళ్ళిపోయి ఉంటుంది. పట్నంలో ఒకడు "పక్క ఫ్లాటువాడు నా బుర్రలో చిప్ పెట్టాడు" అంటే వెంటనే డాక్టరును పిలుస్తాం. గూడెంలో ఒకడు "ఆ ముసలోడు నా కడుపులో పురుగు పెట్టిండు" అంటే, అది వాళ్ళ నమ్మకం అంటాం. ఊరందరూ నమ్మేది భ్రమ కాదు అని మనోవైద్యం కూడా ఒక హద్దు గీసింది. కానీ ఊరు నమ్మే నమ్మకం ఎక్కడ ఆగింది, ఈ ఒక్కడి జబ్బు ఎక్కడ మొదలైంది? అది తెలియాలంటే ఆ ఊరి భాషలో, ఆ ఊరి మనుషులతో రోజుల తరబడి కూర్చోవాలి. "మీవాడు అన్నట్టు మీరూ అంటారా?" అని పొరుగువాళ్ళను అడగాలి. వాళ్ళు "లేదు సారూ, వాడు మరీ వింతగా అంటుండె" అంటే, అదే సాక్ష్యం. ఎవరు అడుగుతారు? సంతకం పెట్టే డాక్టరుకు జైల్లో అరగంట టైము. మధ్యలో దుబాసీ లేడు. ఉంటే కానిస్టేబులే దుబాసీ.

*

దీని ఫలితం ఏమిటో ఒక పరిశోధన చూపించింది. ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలోని ప్రాజెక్ట్ 39ఏ వాళ్ళు 2021లో ఒక నివేదిక తెచ్చారు. దేశంలో ఉరిశిక్ష పడ్డ 88 మంది ఖైదీల మానసిక స్థితిని చూశారు. పరీక్షించగలిగినవాళ్ళలో 62.2 శాతం మందికి ఏదో ఒక మానసిక జబ్బు ఉంది. దాదాపు 11 శాతం మందికి మేధోవైకల్యం ఉంది. ఆ బృందం ఇప్పుడు మన హైదరాబాదు నల్సార్ నుంచి పనిచేస్తోంది.

ఈ అంకెను రెండు రకాలుగా చదవొచ్చు. జబ్బు ముందే ఉంది, కోర్టు పట్టించుకోలేదు. లేదా ఉరిశిక్ష పడ్డాక, రోజూ పొద్దున్నే "ఇవాళేనా" అని లేచి లేచి జబ్బు వచ్చింది. ఏ రకంగా చదివినా తలదించుకోవాల్సింది ఖైదీ కాదు. ఇక ఆ 11 శాతం మంది సంగతి మరీ అన్యాయం. 2017 మానసిక ఆరోగ్య చట్టం రాసుకున్న నిర్వచనంలో మేధోవైకల్యం చేరదు. అమెరికా సుప్రీంకోర్టు 2002లో అట్కిన్స్ కేసులో మేధోవైకల్యం ఉన్నవాళ్ళను ఉరి తీయకూడదని తేల్చేసింది. మనకు అట్లా తేల్చిచెప్పిన నిషేధం లేదు.

ఇంకో సంగతి, వేగం. 2019 జూన్‌లో హన్మకొండలో తొమ్మిది నెలల పాప మీద జరిగిన ఘోరం గుర్తుందా? తలచుకుంటే ఇప్పటికీ నిద్రపట్టదు. ఆగస్టు మొదట్లోనే కోర్టు ఉరిశిక్ష వేసింది. రెండు నెలలు నిండలేదు. "ఇంత వేగంగా న్యాయం" అని చప్పట్లు కొట్టాం. నవంబర్‌లో హైకోర్టు దాన్ని చచ్చేదాకా జైలుగా మార్చింది. నేనడిగేది ఒక్కటే. రెండు నెలల్లో ఒక మనిషి చేసిన పనిని రుజువు చేయొచ్చు. ఆ మనిషి ఎవరో, పుట్టినప్పటి నుంచి అతని బుర్రలో ఏం జరిగిందో తెలుసుకోగలమా? మనోజ్ తీర్పు అడిగే పని నిజంగా చేస్తే నెలలు పడుతుంది. మనం చప్పట్లు కొట్టేది ఆ పని జరగనందుకు.

2021 జనవరిలో మదనపల్లెలో బాగా చదువుకున్న తల్లిదండ్రులు ఎదిగిన కూతుళ్ళిద్దరినీ చంపారు. మళ్ళీ బతికొస్తారని నమ్మారు. ఆ తల్లి తానే శివుణ్ణని, కరోనా తన నుంచే పుట్టిందని అంటూంటే టీవీలు తిప్పితిప్పి చూపించాయి. మనం మీమ్స్ చేసుకున్నాం. తర్వాత వాళ్ళను జైలు నుంచి విశాఖ మానసిక వైద్యశాలకు పంపారు. పంపాల్సిందే. కానీ వాళ్ళకు ఆ దారి ఎట్లా దొరికింది? వాళ్ళ పిచ్చి కెమెరా ముందు, తెలుగులో, చదువుకున్నవాళ్ళకు అర్థమయ్యే మాటల్లో బయటపడింది. కెమెరా లేని గూడెంలో, కోయలో బయటపడి ఉంటే? ఎవరి పిచ్చి ఎవరికి వినిపిస్తుందన్నది కూడా కులం, భాష, చదువు తేల్చే విషయమే.

*

ఇక్కడ నాకు ఎదురయ్యే ప్రశ్నలు తెలుసు.

"అయితే ప్రతివాడూ పిచ్చి నాటకం ఆడతాడు." ఆడతాడేమో. నాటకం పట్టుకోవడానికే కదా డాక్టరు. నెలల తరబడి చూస్తే నటన నిలవదు. అరగంటలో సంతకం పెడితేనే నటనా నిలుస్తుంది, నిజమైన జబ్బూ తప్పించుకుపోతుంది. నాటకానికి భయపడేవాళ్ళు నాకన్నా ముందు సరైన పరీక్ష కోసం గొంతు చించుకోవాలి.

"బాధితుల సంగతేంటి?" ఈ ప్రశ్నను నేను దాటవేయను. కానీ జబ్బుందని తేలితే వదిలేస్తారన్నది అబద్ధం. అక్యూజ్డ్ ఎక్స్ ఇంటికి పోలేదు. 1993 మార్చిలో చిలకలూరిపేట దగ్గర బస్సు తగలబడి 23 మంది చనిపోయారు. ఇద్దరు దళిత యువకులకు ఉరి పడింది. 1997 మార్చిలో ఉరికి కొన్ని గంటల ముందు సుప్రీంకోర్టు ఆపింది. పౌరహక్కుల వాళ్ళు, దళిత సంఘాలు, రచయితలు ఊరూరా తిరిగారు. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ యావజ్జీవంగా మార్చారు. వాళ్ళు బతికినందుకు ఆ 23 కుటుంబాల న్యాయం ఏం తగ్గింది? 1975 డిసెంబర్ 1న ముషీరాబాద్ జైల్లో భూమయ్యను, కిష్టాగౌడ్‌ను ఉరితీశారు. ఆ ఉరి వల్ల ఎవరి కడుపుకోత తగ్గింది? ఆ జైలు ఇప్పుడు లేదు. ఆ స్థలంలో గాంధీ ఆస్పత్రి ఉంది. ఏది ఎక్కువమందికి పనికొచ్చిందో మీరే చెప్పండి.

"మానసిక రోగులంటే హంతకులన్నట్టు రాస్తున్నావు." కాదు. జబ్బున్నవాళ్ళలో అత్యధికులు చీమకు కూడా హాని చేయరు. దెబ్బలు తినేది ఎక్కువగా వాళ్ళే. నేను మాట్లాడుతున్నది జబ్బూ నేరమూ ఒకే మనిషిలో కలిసిన అరుదైన చోటు గురించి. ఆ ఒక్క చోట మన దయ ఎందుకు చచ్చిపోతుందని అడుగుతున్నాను.

*

అసలు "ఉరి తీయడానికి తగిన స్థితి" అన్న ఆలోచనే ఎంత వింతదో చూడండి. 1986లో అమెరికా సుప్రీంకోర్టు ఫోర్డ్ కేసులో మతిలేనివాణ్ణి చంపకూడదన్నది. బాగుంది. 1992లో ఆర్కన్సాలో రికీ రే రెక్టర్ అనే ఖైదీ. తన తలలో తానే కాల్చుకుని మెదడులో కొంత భాగం పోగొట్టుకున్నవాడు. చివరి భోజనంలో ఇచ్చిన తీపిని "తర్వాత తింటాను" అని పక్కన పెట్టి చావడానికి వెళ్ళాడు. 1995లో టెక్సాస్‌లో స్కాట్ పనెట్టి. పదిసార్లకు పైగా మానసిక ఆస్పత్రుల్లో చేరినవాడు. కాగితాలు గుట్టలుగా ఉన్నాయి. కోర్టు అతన్నే తన కేసు వాదించుకోనిచ్చింది. కౌబాయ్ వేషంలో వచ్చి యేసుక్రీస్తును సాక్షిగా పిలవమన్నాడు. ఉరిశిక్ష వేశారు. ఇతన్ని చంపడానికి వీల్లేదని ఒక ఫెడరల్ జడ్జి చెప్పేసరికి 2023 వచ్చింది. కాగితాలున్నవాడి గతే ఇది.

చార్లెస్ సింగిల్టన్ కథ వీటన్నిటికీ పరాకాష్ఠ. ఇతనికి బలవంతంగా మందులిచ్చి, మతి కుదిరాక చంపొచ్చు అని 2003లో అక్కడి అప్పీలు కోర్టు ఒప్పుకుంది. 2004 జనవరిలో చంపారు. బలిమేకను మేపడం అంటే ఇదే. డాక్టరు రోగిని బాగుచేస్తే తలారికి పని దొరుకుతుంది.

పక్క దేశం పాకిస్తాన్‌లో 2016లో సుప్రీంకోర్టు స్కిజోఫ్రీనియా శాశ్వతమైన జబ్బు కాదు, నయమయ్యేదే అంటూ ఇమ్దాద్ అలీ అనే ఖైదీ ఉరికి దారి వదిలింది. ప్రపంచం నివ్వెరపోయింది. అదే కోర్టు 2021 ఫిబ్రవరి 10న సఫియా బానో కేసులో, శిక్ష ఎందుకో అర్థం చేసుకోలేనంత జబ్బున్నవాళ్ళను ఉరి తీయకూడదని చెప్పి ఇమ్దాద్ అలీ శిక్షను మార్చింది. అతనితో పాటు కనీజాన్ బీబీ అనే ఆవిడ శిక్షనూ మార్చింది. ఆమె 1989లో అరెస్టయింది. ముప్పై ఏళ్ళు దాటింది. తప్పు దిద్దుకున్నారు, కానీ మధ్యలో పోయిన ఆమె బతుకును ఏ తీర్పూ తిరిగివ్వలేదు.

"ఎందుకు చంపుతున్నామో నీకు అర్థమైందా?" అన్న ప్రశ్న ఖైదీ మేలు కోసం కాదు, చంపే మన మనశ్శాంతి కోసం. అర్థమైందని తల ఊపితే మన చేతులు శుభ్రం.

*

కాబట్టి నేనడిగేవి ఇవి. మనోజ్ తీర్పు చెప్పిన పరీక్ష జరగకుండా తెలంగాణలో గానీ ఆంధ్రలో గానీ ఏ కింది కోర్టూ ఉరిశిక్ష మాట ఎత్తకూడదు. ఆ పరీక్ష నిందితుడి సొంత భాషలో, పోలీసు కాని దుబాసీతో, ఒక్క కూర్చోవడంలో కాకుండా జరగాలి. కాగితం లేనంత మాత్రాన జబ్బు లేదని రాయకూడదు. తల్లి మాట, గూడెం పెద్ద మాట, ఆర్ఎంపీ మాట, తాయెత్తు కట్టినవాడి మాట రోగ చరిత్రగా రికార్డుకెక్కాలి. రుజువు చేయాల్సిన భారం మనసు చెదిరిన మనిషి మీద కాకుండా, అతన్ని చంపుతామంటున్న ప్రభుత్వం మీద ఉండాలి.

ఇవన్నీ జరిగినా నాకు చాలదు. మనసు గురించి ఏ డాక్టరూ నూటికి నూరుపాళ్ళు చెప్పలేడు. మంచి డాక్టరు ఆ మాట తానే ఒప్పుకుంటాడు. ఉరి మాత్రం నూటికి నూరుపాళ్ళు జరిగిపోతుంది. పొరపాటని రేపు తెలిస్తే జైలు తలుపు తీయొచ్చు, మెడకు పడ్డ తాడు తీసి లాభం లేదు. 2015లో లా కమిషన్ 262వ నివేదికలో ఉగ్రవాద కేసుల్లో తప్ప మరణశిక్ష ఎత్తేయమని చెప్పింది. ఆ "తప్ప" కూడా అక్కర్లేదని నా అభిప్రాయం. పరీక్షలు మెరుగుపరచడం ఈలోపు చేయాల్సిన పని. మరణశిక్ష పోవడమే అసలు పని.

మీరు నాతో ఒప్పుకోకపోవచ్చు. ఇంకో ఘోరం జరుగుతుంది, జరక్కుండా ఉండదు. మీకు కోపం వస్తుంది, రావాలి కూడా. "ఉరి" అని టైపు చేసే ముందు మూడు సంగతులు కనుక్కోండి. అతన్ని ఏ డాక్టరు చూశాడు? ఏ భాషలో మాట్లాడించాడు? ఎంతసేపు? జవాబు దొరక్కపోతే, మీరు కోరుతున్నది ఎవరి చావో మీకింకా తెలియనట్టే.